నేను చదివి వినిపించని ఎర్రచీటీ

మైనస్ ఓటు వేసినవాళ్లు దానికి కారణం చెప్పాలా, అక్కర్లేదా అని మా ఆఫీసు క్యాంటీన్‌లో ఎప్పుడు మాట లేచినా, అక్కర్లేదు అనే పక్షంలో మొదటి గొంతు నాదే. గట్టి గొంతు కూడా నాదే. పదేళ్లుగా ప్రోగ్రామింగ్ ప్రశ్నలూ జవాబులూ నడిచే ఒక సైటులో రాస్తున్నాను. అక్కడ ఎవరైనా ప్రశ్న అడగొచ్చు, ఎవరైనా జవాబు చెప్పొచ్చు. చదివినవాళ్లు బాగుందనుకుంటే ప్లస్ నొక్కుతారు, లేదనుకుంటే మైనస్. అన్నీ కలిపి జవాబు పక్కన ఒక అంకె కనిపిస్తుంది. ఎవరు నొక్కారో ఎవరికీ తెలియదు. కారణం రాయాలనుకుంటే కింద చోటుంది. రాసి తీరాలన్న నియమం లేదు.

మొదట్లో నేనూ రాసేదాన్ని. మైనస్ వేసిన ప్రతిచోటా ఎక్కడ తప్పుందో, ఎలా దిద్దుకోవాలో బడిపంతులమ్మలా నాలుగు ముక్కలు. ఒకసారి అలా రాసిన పాపానికి ఒకాయన నా పాత జవాబులన్నీ వెతికి, ఒక్కొక్కదాని కిందా ‘ఇదీ తప్పే’ అని రాసుకుంటూ పోయాడు. వారం రోజులు అదే పని. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ తరవాత నుంచి నొక్కడం, పోవడం. అంతే.

నా పక్క సీటాయనది కాకినాడ వైపు. నెమ్మదస్తుడు. ఈ విషయంలో మాత్రం ఆయనకూ నాకూ ఉప్పూ నిప్పూ.

“కారణం చెప్పకుండా మైనస్ వేశారంటే, గుమ్మం దాకా వచ్చినవాడి మొహం మీద తలుపేసినట్టేనండి,” అనేవాడు.

“తలుపు నాది. వేసుకోవడానికి పర్మిషన్ కావాలా?”

“అక్కర్లేదండి. ఎందుకేశారో చెబితే, పాపం వాడు రెండో గుమ్మం దగ్గరైనా సరిగ్గా నిలబడతాడు కదా.”

నేను నవ్వేసి టీ తాగేదాన్ని. చుట్టూ ఉన్నవాళ్లు నా వైపే ఉండేవాళ్లు. నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసున్న ఆ అద్దాల మేడలో కూర్చున్నవాళ్లలో తమ తప్పు తమకు ఎవరైనా చెప్పాలని కోరుకునేవాళ్లు తక్కువ. నేను కోరుకునేదాన్ని కాదు. లోకమంతా అంతే అనుకునేదాన్ని.

మా నాయిన బాలానగర్‌లో టర్నరు. అంటే లేత్ మిషన్ మీద ఇనుప కడ్డీని తిప్పుతూ, పక్కనుంచి టూలు ఆనించి, కావాల్సిన కొలతకు చెక్కే పని. మెదక్ దిక్కు నుంచి పెళ్లికి ముందే వచ్చి ఒకటే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు దాటించాడు. అమ్మ పోయాక మియాపూర్‌లో నా ఫ్లాట్‌కి వచ్చేశాడు. మేమిద్దరమే ఉండేవాళ్లం. నా పెళ్లి సంగతి అడగాలనిపించేవాళ్లు ఇక్కడే ఆగండి, అది ఈ కథలో లేదు.

నాయిన ఎడమ చేతి ఉంగరం వేలికి పై కణుపు ఉండేది కాదు. బడికి తీసుకుపోయేటప్పుడు నేను పట్టుకునేది ఆ వేలే. నా పిడికిలికి సరిగ్గా సరిపోయేది. పై ముక్క ఏమైందంటే, “నీకు పండ్లొచ్చిన కొత్తల నువ్వే కొరికి తిన్నవ్ బిడ్డా,” అనేవాడు. చాలా రోజులు నిజమేననుకుని ఏడ్చాను. అసలు సంగతి అమ్మ చెప్పింది. ఎమరీ అని, ఇనుమును నున్నగా చేసే గరుకు కాగితం ఉంటుంది. దాన్ని చేతికి చుట్టుకుని, మిషన్ మీద తిరుగుతున్న షాఫ్టుకు, అంటే ఇనుప ఇరుసుకు, ఆనిస్తుంటే, షాఫ్టు కాగితాన్ని పట్టి లాగింది. కాగితంతోపాటు వేలూ పోయింది. ఆయన మాత్రం ఆ సంగతి ఎన్నడూ తన నోటితో చెప్పలేదు. నేను గుచ్చి అడిగితే “నా పరాకు” అనేవాడు. ఆ మాట దగ్గర ఆగిపోయేవాడు.

మిషన్ మీద బతికిన మనిషికి నాలుగో అంతస్తు బాల్కనీలో ఏం తోస్తుంది. పొద్దున్నే లేచి డిపోలోంచి బయటికొచ్చే బస్సుల్ని చూసేవాడు. ఇంజిన్ చప్పుడు విని ఏ బస్సుకు బేరింగు పోయిందో చెప్పేవాడు. ఒకరోజు నేను ఆ సైటులో జవాబు టైపు చేస్తుంటే వెనక నిలబడి, ఏం చేస్తున్నానో అడిగాడు. చెప్పాను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

“మా లేత్ పనోళ్లకు గిట్లాంటిది లేదా?”

వెతికితే ఉంది. మిషన్ పనులవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అడుగుతున్నారు, చెబుతున్నారు. మొదట దొరికిన ప్రశ్న తెలుగులో చెప్పి వినిపించాను. ఎవరో కడ్డీ చెక్కుతుంటే దాని మీద అలలు అలలుగా గీతలు పడుతున్నాయట. నాయిన నవ్వాడు.

“టూలు బయటికి ఎక్కువ తీసి బిగించిండు. గందుకే వణుకుతుంది. లోపటికి జరుపుమను.”

అది ఇంగ్లీషులో రాసి ఆయన పేరుతో ఖాతా తెరిచి పెట్టాను. మర్నాటికి పక్కన మూడు కనిపించింది. నాయినకు ఇంగ్లీషు రాదు. అంకెలు చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఫోన్ దూరంగా పట్టుకుని, కళ్లద్దాలు పైకి జరిపి, “మూడు” అన్నాడు. ఆ రోజు ఇంట్లో ఎవరో చుట్టాలొచ్చినట్టుంది నాకు.

అప్పటి నుంచి అదొక అలవాటైంది. పొద్దున ఆరింటికి ఆయన టీ పెట్టేవాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి ప్రశ్నలు చదివేదాన్ని. తనకు తెలిసింది వచ్చినప్పుడు చెయ్యెత్తి ఆపేవాడు. ఆయన మన భాషలో చెప్పడం, నేను దాన్ని ఇంగ్లీషులోకి వేయడం. చెప్పేటప్పుడు చేతులు ఊరుకునేవి కావు, గాలిలో కనబడని చక్రాలు తిప్పేవి. రెండు మూడు నెలల్లో పదిహేను దాకా జవాబులయ్యాయి. కింద వాచ్‌మన్‌తో ఆయన చెప్పుకోవడం లిఫ్ట్ దగ్గర ఒకసారి నా చెవిన పడింది.

“నిన్నటిదానికి పదకొండొచ్చినయ్. పదకొండు మంది తెలిసినోళ్లు మంచిగుందన్నరు.”

వాచ్‌మన్‌కు అందులో ఏం అర్థమైందో తెలియదు కానీ, “అట్లనా పెద్దాయనా,” అని మర్యాదగా తలూపాడు.

ఒక పొద్దున వచ్చిన ప్రశ్న నాయినకు పండగే. పాత పంపు షాఫ్టు మీద, నూనె కారకుండా ఆపే ఆయిల్ సీల్ కూర్చునే చోటును అద్దంలా నున్నగా చేయడం ఎలా అని. అది ఆయన చేతి పని. ఆ వర్క్‌షాపులో అలాంటి షాఫ్టు ఏదొచ్చినా ఆయన మిషన్‌కే పంపేవాళ్లట. గంటసేపు చెప్పాడు. స్పీడు ఎంత, టూలు మొన ఎంత గుండ్రంగా ఉండాలి, చివరి కోత ఎంత పలచగా తీయాలి, నూనె ఎప్పుడు పోయాలి. నా క్యాబ్ వచ్చి వెళ్లిపోయింది. డ్రైవర్ ఫోన్ చేస్తే కట్ చేశాను.

“ఆఖరుకు ఎమరీ ముక్క చేతికి చుట్టుకొని, షాఫ్టు తిరుగుతుండగనే జర ఆనించాలె. అద్దం లెక్క వస్తది, నీ మొఖం నువ్వు చూసుకోవచ్చు.”

అంటూ కుడిచేత్తో కనబడని కాగితాన్ని ఎడమ చేతికి చుట్టి చూపించాడు. కణుపు లేని ఆ వేలి మీదుగానే చుట్టాడు. నేను చూస్తూ ఆ వాక్యం టైపు చేశాను. ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆలస్యమైపోతోందని ఒకసారైనా చదువుకోకుండా పెట్టేసి, షేర్ ఆటో పట్టుకుని పరిగెత్తాను.

మర్నాడు నాకంటే ముందు ఆయనే చూశాడు. నేను పళ్లు తోముకుంటుంటే ఫోన్ పట్టుకుని బాత్‌రూమ్ గుమ్మం దాకా వచ్చాడు.

“ఏంది బిడ్డా, ఒకటి ముంగట గీ అడ్డగీత ఏంది?”

మైనస్ అని చెప్పాను. ఎవరికో నచ్చలేదన్నమాట అన్నాను.

“నచ్చకపోతే పోనియ్. ఎందుకు నచ్చలేదట?”

నోరు కడుక్కుని వచ్చి ఫోన్ తీసుకున్నాను. జవాబు కింద మైనస్ వేసిన మనిషి పేరుతో సహా కారణం రాసి ఉంది. మూడే వాక్యాలు. తిరిగే షాఫ్టు దగ్గర ఎమరీని ఎప్పుడూ చేతికి చుట్టుకోవద్దు, వేళ్లు పోతాయి. మిగతా జవాబు చాలా బాగుంది. ఈ ఒక్క మాట తీసేస్తే నా ఓటు మారుస్తాను.

ఫోన్ మీద నుంచి నా చూపు తిన్నగా టీ గ్లాసు పట్టుకున్న ఆ చేతి మీదికి పోయింది.

“కింద ఏదో రాసిండ్రు గదా? ఏమని రాసిండ్రు?”

“అది సైటోళ్లు అందరికి రాసేదే నాయినా. మైనస్ ఇచ్చినోళ్లు కారణం చెప్పరు ఇక్కడ. గదే రివాజు.”

ఎందుకలా అన్నానో ఇప్పటికి వందసార్లు నన్ను నేనే అడిగాను. ఆయన బాధపడతాడని అన్నాను అని చెప్పుకుంటే నాకు మంచిగా ఉంటుంది. అది కొంత నిజం. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు నా తండ్రికి వేళ్ల గురించి పాఠం చెబుతాడా అని ఒళ్లు మండింది, అది ఇంకొంత. ఆ వాక్యం టైపు చేసింది నా చేతులే, ఆ వేలు పట్టుకుని పెరిగినదాన్ని నేను ఆపి అడగలేదే అన్న సిగ్గు అన్నిటికంటే పెద్దది. ఇవన్నీ ఒక్క క్షణంలో జరిగాయి. అబద్ధం మాత్రం చక్కగా, తడబడకుండా వచ్చింది. పదేళ్లు క్యాంటీన్‌లో సాధన చేసిన మాట కదా.

నాయిన గ్లాసు కింద పెట్టాడు.

“గదేం రివాజు? మా దగ్గర రిజెక్ట్ జేస్తే ఎర్రచీటీ కడుతుండె.”

అప్పుడు చెప్పాడు ఎర్రచీటీ సంగతి. చెక్కిన ముక్క కొలత తప్పితే ఇన్‌స్పెక్షన్‌లో పక్కన పారేసేవాళ్లు కాదట. దానికి తీగతో ఒక ఎర్రచీటీ కట్టి, ఎక్కడ తప్పింది, ఎంత తప్పింది రాసి, చేసినవాడి మిషన్ దగ్గరికే తిరిగి పంపేవాళ్లు. చీటీ వచ్చిందంటే మిషన్ బంద్. తప్పేమిటో చేసినవాడికి అర్థమై, అవును నాదే అనేదాకా ఇంకో ముక్క ఎక్కించకూడదు. ఈయనకు పని నేర్పిన ఉస్తాద్‌కు చదువు రాదు. ఆయన చీటీ మీద ముక్క బొమ్మ గీసి, తప్పిన చోట చుక్క పెట్టేవాడట.

“చుక్కన్న పెడుతుండె బిడ్డా. చదువు రానోడు.”

నేను ల్యాప్‌టాప్ తెరిచి కొత్త ప్రశ్న ఒకటి చదివాను. చెయ్యెత్తి ఆపాడు, కానీ జవాబు చెప్పడానికి కాదు.

“ముందుగల గది తేలనియ్. చీటీ తెలియకుంట ఇంకో జాబ్ ఎక్కియ్య.”

ముక్కను వాళ్లు జాబ్ అంటారు. ఆ రోజు మిషన్ ఆగిపోయింది.

నాలుగు రోజులు చూసి, నా ఖాతాలోంచి ఆయన జవాబుకు ఒక ప్లస్ వేశాను. మైనస్ ఒకటి పోయి సున్నా అయింది. పొద్దున్న టీ తెచ్చి, “ఎవరో తెలిసినోళ్లు ప్లస్ ఇచ్చిండ్రు, చూసినవా?” అన్నాను. ఫోన్ దూరంగా పట్టుకుని చూశాడు.

“రిజెక్ట్ అయిన జాబ్ పక్కకు మంచి జాబ్ పెడితే, రిజెక్ట్ అయింది మంచిగైతదా?” అన్నాడు. కోపంగా కాదు, నాకు తెలియని విషయం చెబుతున్నట్టు అన్నాడు.

తరవాత కూడా పొద్దున్నే ప్రశ్నలు చదవమనేవాడు. విని ఊరుకునేవాడు. జవాబు తెలిసినప్పుడు చేతులు వాటంతటవే కదిలేవి. నేను చూడటం చూసి ఒళ్లో పెట్టేసుకునేవాడు. అంతకంటే తిట్టినా బాగుండేది. మా ఇంట్లో తిట్టే పని ఎప్పుడూ నాదే.

ఒక శనివారం చెప్పకుండా బయటికి పోయాడు. ఫోన్ చేస్తే బస్సు చప్పుడు. సాయంత్రం ఎండ తగ్గాక వచ్చాడు. చెప్పులు విడిచి, సోఫాలో కాదు, గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. చొక్కా మీద నూనె మరక ఉంది. ఆయన ఒంటి మీద ఆ వాసన చూసి ఎన్నో ఏళ్లయింది.

“బాలానగర్ పోయొచ్చిన. నేను చెప్పిన స్పీడు, కోత అన్ని మల్ల పెట్టి చూసిన. మన షాపు పాత సేటు కొడుకే ఇప్పుడు ఓనరు. వానిగ్గూడ చూపిచ్చిన. లెక్క మొత్తం సరిగ్గనే ఉంది.”

“సరిగ్గనే ఉంటది నాయినా. నువ్వు జర పరేషాన్ గాకు.”

“ఆ ఓనరు, కింద రాసింది నేను చదువుత, ఫోన్ తే పెద్దాయనా అన్నడు. నాకు గూడ చదువొచ్చు అని నవ్విండు. మా బిడ్డ చదివింది తియ్, అది సైటోళ్లు రాసేదే అన్న.”

ఇది రాయడానికే ఇంత దూరం వచ్చాను. ఫోన్ ఆయన జేబులో ఉంది. చదివేవాడు ఎదురుగా ఉన్నాడు. నా కూతురు చదివింది అని ఆయన ఫోన్ ఇవ్వలేదు.

అప్పుడైనా చెప్పాల్సింది. స్టూలు దగ్గర కింద కూర్చుని, నాయినా, నేను అబద్ధం చెప్పిన, వాళ్లు చీటీ కట్టే పంపిండ్రు, ఎమరీ చేతికి చుట్టుకోవద్దన్నరు అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది. కానీ ఇప్పుడు చెబితే కారణం ఒక్కటే చెప్పడం కాదు, ఈ మూడు వారాలు ఎందుకు దాచానో కూడా చెప్పాలి. బస్సులో కూర్చుని పోయి, నూనె చేతులతో తిరిగి వచ్చిన మనిషికి అది ఎలా చెబుతాను. రేపు చెబుదాంలే అనుకుని, నీళ్లు తెచ్చి ఇచ్చాను. రేపు అన్నది చాలా సౌకర్యమైన మాట.

సైటులో ఆ రోజుల్లో ఎవరికీ మైనస్ వేయలేదు. అంతకుమించి నాలో వచ్చిన మార్పేమీ లేదు.

కిందటి వానాకాలంలో నాయినకు ఆయాసం మొదలైంది. గుండె అన్నారు. దవాఖానలో నాలుగు రోజులున్నాడు. మూడో రోజు పొద్దున కొంచెం తేరుకుంటే, ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి ఇడ్లీ తినిపించాను. సగం తిని చాలన్నాడు. కిటికీలోంచి ఫ్లైఓవర్ మీద బండ్లు చూస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

“ఏమన్న తెలిసిందా బిడ్డా?”

డాక్టరు ఏం చెప్పాడని అడుగుతున్నాడేమో అని నన్ను నేను మోసం చేసుకోవచ్చు. దేని గురించో నాకు తెలుసు. తెలుసని ఆయనకు తెలుసు.

“లేదు నాయినా.”

“సరే తియ్. ఫికర్ జెయ్యకు,” అన్నాడు.

ఫికర్ చేయొద్దని నాకు చెప్పాడు. మర్నాడు పోయాడు. చివర్లో ఆ చెయ్యి నా చేతిలోనే ఉంది. కణుపు లేని వేలు నా పిడికిలికి ఇప్పుడు చిన్నదైపోయింది.

పదకొండు రోజులూ అయ్యాయి. ఆఫీసుకు వెళ్లాను. అందరూ వచ్చి రెండు మాటలు చెప్పి వెళ్లారు. పక్క సీటాయన మాత్రం టీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆ టీ చూడగానే నాకు ఏడుపు ఆగలేదు. మొత్తం చెప్పేశాను. చెబుతూ చెబుతూ, ఇప్పుడు అంటాడు, నేను అప్పుడే చెప్పానా లేదా అని అంటాడు అనుకున్నాను. అననీ, పడతాను అనుకున్నాను.

“ఆ జవాబు ఇంకా అలాగే ఉందాండి?” అని అడిగాడు.

“ఉంది.”

“ఎవరన్నా చదివి అలాగే చేస్తే ప్రమాదం కదండి. ముందు అది సరిచెయ్యండి.”

నా దుఃఖంలో నేనుండి ఆ సంగతే మరిచాను. ఎక్కడో ఎవరో పొద్దున్నే మిషన్ ఆన్ చేసి, మా నాయిన మాట నమ్మి, చేతికి ఎమరీ చుట్టుకుంటూ ఉండొచ్చు. కారణం చెప్పినవాడు ఆ మనిషి చెయ్యి గురించి ఆలోచించాడు. నేను ఆలోచించింది మా ఇంటి పరువు గురించి.

ఎమరీ ఎలా పట్టుకోవాలో నాకు తెలియదు కాబట్టి బాలానగర్ ఓనరుకు ఫోన్ చేశాను. నాయిన పోయినట్టు చెబితే మిషన్ ఆపించి బయటికొచ్చాడు. తరవాత అడిగింది చెప్పాడు.

“చెక్కపట్టీ మీద పరిచి ఆనియ్యాలె అక్కా. చేతికి చుట్టుడు మా షాపుల ఎన్నడో బంద్. మీ నాయిన వేలు పోయిన నాడే మా బాపు బంద్ చేయిచ్చిండు. మీ నాయిన ఒక్కడే వినకపోతుండె. తప్పు నాది, ఎమరీది గాదు అంటుండె.”

అంటే నేను చదివి వినిపించినా ఆయన ఒప్పుకునేవాడో కాదో. కొట్లాడేవాడేమో. వానికేం తెల్వదు, రాయి బిడ్డా, నేను చెప్త అని ఇంకో గంట చెప్పేవాడేమో. లేక చెయ్యి చూసుకుని, అవును నాదే అని, మిషన్ మళ్లీ నడిపేవాడేమో. ఏదైనా సరే, ఆ చీటీ ఆయనది. ఆయన పేరు మీద వచ్చింది. నేను మధ్యలో తీగ తెంపి దాచుకున్నాను.

ఆదివారం పొద్దున్నే టీ నేనే పెట్టుకున్నాను. నాయిన ఖాతాలోకి వెళ్లి ఆ వాక్యం తీసేసి, ఓనరు చెప్పింది రాశాను. మిగతాది ఒక్క అక్షరం ముట్టుకోలేదు. కింద ఆ మూడు వాక్యాల తరవాత ఇంకో వాక్యం రాశాను. మీరు చెప్పింది నిజం, దిద్దాం, ఆలస్యానికి క్షమించండి అని. దిద్దాను అని రాయబోయి దిద్దాం అని రాశాను.

బియ్యం కడిగి కుక్కర్ పెట్టి వచ్చేసరికి అవతలి మనిషి వచ్చి వెళ్లిపోయాడు. “ఇప్పుడు చాలా బాగుంది. ఓటు మార్చాను. ఈ పని చేసిన చేతులు చెప్పిన జవాబు ఇది.” అంతే రాశాడు. ఇన్ని నెలలు నేను కాపలా కాసిన దానికి పట్టిన సమయం ఒక కుక్కర్ ఎక్కించేంత.

పక్కన అంకె రెండు అయింది. అందులో ఒకటి నాది, జాలితో వేసింది. దిద్దాక ఓటు వెనక్కి తీసుకోవడానికి సైటు ఒప్పుకుంటుంది. తీసేశాను. ఒకటి మిగిలింది. ముందు అడ్డగీత లేదు.

ఫోన్ తీసుకుని, ఆ శనివారం నాయిన కూర్చున్న గుమ్మం పక్క స్టూలు దాకా వెళ్లాను. చూపించడానికి చేయి కూడా చాచాను.